తోప్సే చోటు: బాలల అపరాధ పరిశోధక శ్రేణుల దీర్ఘాయువుపై ఒక పరిశీలన

ప్రవేశిక

బాలల కోసం వెలువడిన అపరాధ పరిశోధక శ్రేణులను సాహిత్య విమర్శ రెండు వైపుల నుంచీ పక్కన పెట్టింది. బాలసాహిత్యాన్ని పరిశీలించేవారికి అవి నీతిబోధ గాని భాషాసౌందర్యం గాని లేని కాలక్షేపపు పుస్తకాలు. అపరాధ పరిశోధక నవలను పరిశీలించేవారికి అవి పెద్దల నవలను పలుచన చేసిన రూపాలు. ఈ రెండు ఉపేక్షల మధ్య ఆ పుస్తకాలు మాత్రం చెక్కుచెదరలేదు. అమెరికాలో 1927లో మొదలైన హార్డీ బాయ్స్, 1930లో వచ్చిన నాన్సీ డ్రూ, ఇంగ్లండులో 1942 నుంచి ఎనిడ్ బ్లైటన్ రాసిన ఫేమస్ ఫైవ్, బెంగాలీలో 1965లో సత్యజిత్ రాయ్ ప్రారంభించిన ఫెలూదా కథలు నేటికీ కొత్త పాఠకులను సంపాదించుకుంటూనే ఉన్నాయి. అదే కాలంలో బహుమతులు పొంది, పాఠ్యాంశాలై, ఆ తరువాత ఎవరూ తెరవని బాలల నవలలు ఎన్నో ఉన్నాయి. కాబట్టి ఈ శ్రేణుల మనుగడను పాఠకుల అభిరుచి లోపంగా తోసిపుచ్చడం విమర్శకు తగిన సమాధానం కాదు.

ఈ మనుగడకు సాధారణంగా చెప్పే కారణాలు రెండు. మొదటిది పునరుక్తి: తెలిసిన పాత్రలు, తెలిసిన ఎత్తుగడ, తెలిసిన ముగింపు ఇచ్చే భద్రత. రెండవది గతస్మృతి: పెద్దలైన పాఠకులు తమ బాల్యాన్ని ఆ పుస్తకాలలో వెదుక్కోవడం. రెండింటిలోనూ సత్యం ఉన్నా రెండూ అసంపూర్ణమే. పునరుక్తి మాత్రమే చాలినదైతే మరుగునపడిన వందలాది శ్రేణులు కూడా నిలిచి ఉండాలి. గతస్మృతి మాత్రమే కారణమైతే ఈనాటి పదేళ్ల పాఠకునికి ఆ పుస్తకంతో పని లేదు. శ్రేణి దీర్ఘాయువుకు మూలం ఆ పునరుక్తిలో బాలపాఠకునికి కల్పించిన చోటు అన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. ‘చోటు’ అన్న మాటను ఇక్కడ మూడు అంశాల సముదాయంగా వాడుతున్నాను: పరిశోధన జరుగుతున్నప్పుడు పాఠకుడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడు; అక్కడి నుంచి ఎంత తెలుసుకోగలడు; అతడు తెలుసుకున్నదానికి కథాలోకంలో విలువ ఇచ్చేవారు ఎవరు. ఈ మూడు ప్రశ్నలతో ప్రధానంగా ఫెలూదా శ్రేణిని, పోలిక కోసం అమెరికన్ శ్రేణులను, చివరగా తెలుగు బాలల పత్రికా సంప్రదాయంలోని ఒక ప్రసిద్ధ కథాచట్రాన్ని పరిశీలిస్తాను.

పునరుక్తి ఎంతవరకు కారణం?

అపరాధ పరిశోధక కథలో రెండు కథలు ఉంటాయని త్వెతాన్ తోదొరోవ్ 1966లో నిరూపించాడు. ఒకటి జరిగిపోయిన నేరం కథ, రెండవది జరుగుతున్న పరిశోధన కథ. శ్రేణిలో మొదటి కథ ప్రతిసారీ మారుతుంది, రెండవది మారదు. ఉంబెర్తో ఎకో 1962లో సూపర్‌మ్యాన్‌పై రాసిన వ్యాసంలో శ్రేణి నాయకుని కాలసమస్యను చర్చించాడు. నాయకుడు పని చేసిన ప్రతిసారీ కొంత ఆయుష్షును ఖర్చు చేయాలి. కాని శ్రేణి కొనసాగాలంటే ఖర్చు కాకూడదు. అందుకే ప్రతి కథా వెనుకటి కథను కొంత మరచిపోయి మొదలవుతుంది. ఈ రెండు సూత్రాలూ శ్రేణి నిర్మాణాన్ని వివరిస్తాయి. ఒక శ్రేణి నిలిచి మరొకటి నిలవకపోవడాన్ని మాత్రం వివరించవు.

ఈ విషయంలో స్ట్రాటెమేయర్ సిండికేట్ చరిత్ర ఒక ప్రయోగశాల వంటిది. ఎడ్వర్డ్ స్ట్రాటెమేయర్ కథాసంగ్రహాలు తయారుచేసి కూలి రచయితలకు ఇచ్చేవాడు. వారు నిర్ణీత పారితోషికం తీసుకుని హక్కులు వదులుకునేవారు. ఫ్రాంక్లిన్ డబ్ల్యు. డిక్సన్, కెరొలిన్ కీన్ అన్న పేర్లు గల రచయితలు లేనేలేరు. తొలి హార్డీ బాయ్స్ పుస్తకాలు లెస్లీ మెక్‌ఫర్లేన్, తొలి నాన్సీ డ్రూ పుస్తకాలు మిల్డ్రెడ్ వర్ట్ బెన్సన్ రాశారు. 1959 నుంచి స్ట్రాటెమేయర్ కుమార్తె హారియట్ ఆడమ్స్ పర్యవేక్షణలో పాత సంపుటాలన్నింటినీ తిరగరాయించారు. జాతివివక్షతో కూడిన పాత్రచిత్రణను తొలగించారు. ఇరవై అయిదు అధ్యాయాలను ఇరవైకి కుదించారు. నాన్సీ వయస్సును పదహారు నుంచి పద్దెనిమిదికి పెంచారు. కొన్ని సంపుటాలలో పేరు తప్ప పాత కథ మిగలలేదు. అయినా శ్రేణి ఆగలేదు.

రచయిత మారినా, వాక్యం మారినా, చివరికి ఇతివృత్తమే మారినా శ్రేణి నిలిచిందంటే మారనిది ఏమిటన్నదే ప్రశ్న. నాన్సీకి తల్లి లేదు, తండ్రి న్యాయవాది. తన వద్దకు వచ్చిన వ్యాజ్యాలను ఆయన కుమార్తెతో సమఉజ్జీతో చర్చించినట్లు చర్చిస్తాడు. ఆమెకు సొంత కారు ఉంది, అనుమతి అడగకుండా వెళ్లే స్వేచ్ఛ ఉంది. హార్డీ సోదరుల తండ్రి వృత్తిరీత్యా డిటెక్టివు. కుమారుల ఊహలను ఆలకిస్తాడు. చిన్నవారి పరిశీలనకు పెద్దవారు విలువ ఇచ్చే ఇల్లు ఆ శ్రేణులలో మారని అంశం. తిరగరాతలో పోయినది భాష. మిగిలినది ఈ చోటు.

ఆ భాష కూడా కొందరికి అవసరమే అయింది. 1991 నుంచి యాపిల్‌వుడ్ బుక్స్ సంస్థ తిరగరాయక ముందటి మూలప్రతులను మళ్లీ అచ్చువేసింది. ఆ ప్రతుల ఆదరణలో పెద్దల గతస్మృతికి పెద్ద పాలు ఉంది. ఆ విధంగా ఒకే శ్రేణి రెండు పాఠాలతో రెండు అవసరాలను తీర్చింది: పిల్లలకు చోటు, పెద్దలకు జ్ఞాపకం. ఈ రెండు ఆకర్షణలను వేరుచేసి చూడకపోవడమే ఈ సాహిత్యంపై జరిగిన చర్చలో ప్రధానమైన లోపం.

తోప్సే చోటు

ఫెలూదా పుట్టుక ఇందుకు పూర్తిగా భిన్నం. రచన, చిత్రాలు ఒక్కరివే. ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి 1913లో స్థాపించిన ‘సందేశ్’ బాలల పత్రికను ఆయన మనుమడు సత్యజిత్ రాయ్, కవి సుభాష్ ముఖోపాధ్యాయ్‌తో కలిసి 1961లో పునరుద్ధరించాడు. ఆ పత్రిక అవసరాల నుంచే 1965లో ‘ఫెలూదార్ గోయెందాగిరి’ పుట్టింది. నాయకుడు ప్రదోష్ చంద్ర మిత్ర ఇరవై ఏడేళ్ల యువకుడు. కథ చెప్పేవాడు అతని చిన్నాన్న వరుస ఇంటి తమ్ముడు తపేశ్. ఫెలూదా పెట్టిన ముద్దుపేరు తోప్సే. ‘ఫెలూదా’ అన్న పిలుపులోని ‘దా’ అన్న అనే అర్థమిచ్చే బంధువాచకం. అంటే శ్రేణి పేరే తమ్ముని నోటి నుంచి వచ్చిన పిలుపు. పాఠకుడు నాయకుణ్ణి పేరుతో కాక వరుసతో పిలుస్తూ కథలోకి ప్రవేశిస్తాడు.

షెర్లాక్ హోమ్స్, వాట్సన్‌ల జంటకు ఇది అనుకరణ అన్న మాట సులభంగా అనవచ్చు. ఫెలూదాకు హోమ్స్ గురువన్న విషయాన్ని రాయ్ దాచలేదు; ‘లండనే ఫెలూదా’లో అతడు బేకర్ వీధికి వెళ్లి గురువుకు నివాళి అర్పిస్తాడు. కాని కథకుని వయస్సు మారడంతో సంబంధ స్వభావమే మారిపోయింది. వాట్సన్ వైద్యుడు, యుద్ధం చూసినవాడు. అతనికి ఆధారం కనబడకపోవడం పాఠకుణ్ణి ఓదార్చే ఒక లోపం. తోప్సేకు కనబడకపోవడం లోపం కాదు. వాట్సన్ అజ్ఞానం కథనావసరం, తోప్సే అజ్ఞానం వయోధర్మం. అందువల్ల ఫెలూదా వివరణలు ప్రదర్శనగా కాక శిక్షణగా ధ్వనిస్తాయి. ఆయుధం కన్నా బుద్ధికే ప్రాధాన్యమిచ్చే ఈ పరిశోధకుడు తమ్ముణ్ణి చూడమంటాడు, గుర్తుపెట్టుకోమంటాడు, తొందరపడి తేల్చవద్దంటాడు.

1971లో వచ్చిన ‘సోనార్ కెల్లా’ ఈ అమరికకు మూడవ కోణాన్ని చేర్చింది. రాజస్థాన్ ప్రయాణంలో రైలులో పరిచయమైన లాల్‌మోహన్ గంగూలీ, ‘జటాయు’ అన్న కలంపేరుతో సాహస నవలలు రాసే ప్రసిద్ధ రచయిత. అతని పుస్తకాలు విపరీతంగా అమ్ముడుపోతాయి, వాటిలో వాస్తవదోషాలు కోకొల్లలు. ఒంటె నీరు లేకుండా ఎలా మనగలుగుతుందన్న విషయంలో అతని భ్రమను సరిదిద్ది, మూపురంలో ఉండేది కొవ్వు అని ఫెలూదా వివరిస్తాడు. హాస్యం కోసం చేర్చిన పాత్రగా మాత్రమే జటాయువును చూస్తే అతని ప్రయోజనంలో సగం జారిపోతుంది. అతని రాకతో తోప్సే నడిమి మెట్టుపైకి వచ్చాడు. పైన తనకన్నా ఎక్కువ తెలిసిన అన్న, కింద తనకన్నా తక్కువ తెలిసిన పెద్దమనిషి. పెద్దవారు కూడా పొరబడతారని, ఆ పొరపాటును అవమానించకుండా సరిదిద్దవచ్చునని, సరిదిద్దించుకోవడం చిన్నతనం కాదని బాలపాఠకునికి తెలిసే సందర్భం ఇది. జటాయువు తన తరువాతి ముద్రణలో దోషాన్ని దిద్దుకోవడానికి సిద్ధపడే రచయిత. అంతేకాక తన శ్రేణిలోనే చవకబారు శ్రేణి రచయితను పాత్రగా నిలిపి, తాను ఏది కాదో రాయ్ పాఠకునికి స్పష్టం చేశాడు.

చోటుకు మరో అర్థం స్థలం. లక్నో, గాంగ్‌టాక్, జైసల్మేర్, వారణాసి, ఎల్లోరా, కాఠ్‌మాండూ – ప్రతి కథకూ ఒక ఊరు. ఆ ఊరు తెరమీది బొమ్మలా కాక ఆధారాలలో భాగంగా ఉంటుంది. ‘కైలాసే కెలెంకారి’లో నేరం భువనేశ్వర్‌లోని రాజారాణి ఆలయం నుంచి యక్షి శిరస్సు అపహరణ, పరిశోధన ఎల్లోరా గుహలకు దారితీస్తుంది. ఇక్కడ పోయిన సొత్తు ఏ ధనవంతుని నగో కాదు, పాఠకునికి కూడా వాటా ఉన్న వారసత్వం. కథ చదివిన బాలుడు ఆ ఊరికి వెళ్లి చూసుకోగలిగిన వాస్తవం అతనికి తోప్సేతో సమానమైన హక్కు ఇస్తుంది. జైసల్మేర్ కోటను బెంగాలీ యాత్రికులు ‘సోనార్ కెల్లా’ అనే పిలుస్తున్నారంటే ఆ హక్కును వారు వినియోగించుకున్నారన్న మాట.

ఆట, దాని పర్యవసానం

ఈ శ్రేణి తన పాఠకుణ్ణి తానే పరీక్షించుకున్న రచన 1975 నాటి ‘జొయ్ బాబా ఫెలూనాథ్’. వారణాసిలోని ఘోషాల్ ఇంట్లో విలువైన గణేశ విగ్రహం మాయమవుతుంది. పురాతన వస్తువుల అక్రమ వ్యాపారి మగన్‌లాల్ మేఘరాజ్‌పై అనుమానం. ఆ ఇంటి బాలుడు రుకు సాహస కథల మైకంలో ఉన్నవాడు. తనను తాను ‘కెప్టెన్ స్పార్క్’ అనుకుంటాడు. ఆ నాయకుడు జటాయు సృష్టి కాదు, మరొక రచయిత సృష్టి. గణేశుడు ఆఫ్రికా రాజు వద్ద ఉన్నాడని రుకు అంటాడు. పెద్దలకు అది పిల్లవాడి పిచ్చిమాట. ఆ మాటను ఆధారంగా స్వీకరించినవాడు ఫెలూదా ఒక్కడే. ఆఫ్రికా రాజు అంటే సింహం. ఇంట్లో తయారవుతున్న దుర్గాప్రతిమ వాహనమైన సింహం నోటిలో, చూయింగ్ గమ్‌తో అంటించి, రుకు విగ్రహాన్ని దాచాడు.

ఈ ఇతివృత్తంలో బాలల సాహస శ్రేణిపై విమర్శ, దానికి సమర్థన రెండూ కలిసి ఉన్నాయి. రుకు చదివిన పుస్తకాలే అతనికి ఆ ఉపాయాన్ని, ఆ సంకేతభాషను ఇచ్చాయి. ఆ భాష తెలియని పెద్దలకు సత్యం అందలేదు. పరిశోధకుని ప్రతిభ ఇక్కడ పాదముద్రలను చదవడంలో కన్నా పిల్లవాడి మాటను పిల్లవాడి లోకంలో పెట్టి చదవడంలో ఉంది. రుకు తాతగారు కూడా అపరాధ పరిశోధక నవలల అభిమాని. ఆ ఇంట్లో మధ్యతరం తప్ప మొదటి తరం, మూడవ తరం ఆ భాషలో మాట్లాడుకోగలవు. శ్రేణి ఆయుష్షు ఎలా పెరుగుతుందో రాయ్ కథలోనే చూపించాడు.

కాని రాయ్ అక్కడ ఆగలేదు. ఆటలో దాచిన వస్తువు ప్రతిమలు చేసే వృద్ధ కళాకారుడు శశిబాబు కంటబడింది. ఆ కారణంగానే అతని ప్రాణం పోయింది. పిల్లవాని ఆటకు, పెద్దవారి దురాశకు మధ్య నలిగిపోయినవాడు ఆ రెండింటితోనూ సంబంధం లేని శ్రమజీవి. మగన్‌లాల్ తన ఇంట్లో జటాయువును నిలబెట్టి కత్తులు విసిరించే ఘట్టంలో ఫెలూదా కూడా నిస్సహాయుడై చూడవలసి వస్తుంది. నాయకుని ఓటమిని తోప్సే కళ్లతోనే చూస్తాం. తాను పూజించే అన్న అవమానాన్ని దిగమింగుతున్నప్పుడు తమ్ముడు పక్కనే కూర్చుని ఉండటం, పెద్దరికాన్ని గురించి బాలపాఠకుడు నేర్చుకోగల పాఠాలలో కఠినమైనది. నేరస్థుడు చివరికి పట్టుబడతాడన్న హామీ శ్రేణి ఇస్తుంది. మధ్యలో భయం నిజమైనది కాదన్న హామీ మాత్రం ఇవ్వదు. మళ్లీ చదివినప్పుడు కూడా ఈ ఘట్టం పట్టు సడలకపోవడానికి కారణం ఇదే. ముగింపు తెలిసిన పాఠకుని ఉత్కంఠ ‘ఎవరు చేశారు’ అన్నదాని మీద ఉండదు, ‘ఎలా భరించారు’ అన్నదాని మీద ఉంటుంది.

చోటు హద్దులు

ఈ చోటు అందరికీ సమానంగా లభించిందనడం మాత్రం సరికాదు. ఫెలూదా లోకం దాదాపు పూర్తిగా పురుషుల లోకం. ప్రయాణాలు చేసేది, ఆధారాలు వెదికేది, ప్రమాదంలో పడేది మగవారే. ఆ కథలు చదివిన బాలిక తోప్సేగా మారితే తప్ప లోపలికి రాలేదు. ఫెలూదాకు మూడున్నర దశాబ్దాల ముందే నాన్సీ డ్రూ కారు నడుపుకుంటూ వెళ్లిందని గుర్తుచేసుకుంటే ఈ లోటు మరింత స్పష్టమవుతుంది. వాక్యనిర్మాణంలో, పాత్రపోషణలో రాయ్‌కు ఏ మాత్రమూ సాటిరాని సిండికేట్ రచనలు ఈ ఒక్క విషయంలో ఆయనకన్నా ఎక్కువ మందికి తలుపు తెరిచాయి. శిల్పోత్కర్షకు, పాఠకునికి దొరికే చోటుకు మధ్య అవినాభావ సంబంధం లేదనడానికి ఇంతకన్నా బలమైన నిదర్శనం అక్కరలేదు.

మరొక హద్దు పెద్దల వైపు నుంచి వచ్చింది. 1970 నుంచి ఫెలూదా నవలలు ‘దేశ్’ పూజా ప్రత్యేక సంచికలలో కూడా రావడంతో వయోజనులు వాటికి నిత్యపాఠకులయ్యారు. 1990ల ఆరంభంలో వచ్చిన ‘నయన్ రహస్య’ తొలి పుటలలో ఫెలూదా దిగులుగా ఉంటాడు. కథలు మునుపటిలా లేవని పాఠకులు ఉత్తరాలు రాస్తున్నారు. తోప్సే రాసేది కిశోరుల కోసం, చదివేది వారి తల్లిదండ్రులు, పినతండ్రులు, మేనత్తలు. అన్ని మెట్లవారినీ ఒకే కథ ఎలా మెప్పించగలదన్నది అతని వాదన. ఇది రచయిత తన పాఠకలోకంతో పాత్ర ముఖంగా జరిపిన వాదం. పిల్లల కోసం రాస్తున్నందున కామం, క్రూరహింస ఇతివృత్తాలు కాకూడదన్న నియమాన్ని రాయ్ పాటించాడు. ఆ నియమం వల్లనే దురాశ, వారసత్వ చౌర్యం, మోసం, పాతపగ అతని నేరాలయ్యాయి. పెద్దల గతస్మృతి ఈ నియమాన్ని పరిమితిగా చూసింది. పిల్లల చోటును కాపాడిన కంచె కూడా అదే.

బేతాళుని ప్రశ్న

తెలుగులో ఈ రెండు ధారలు చాలాకాలం వేరువేరుగా ప్రవహించాయి. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో బెంగాలీ నుంచి వచ్చిన అనువాదాలతో ఊపందుకున్న అపరాధ పరిశోధక నవల, కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌తో విశేష ప్రజాదరణ పొందింది. యుగంధర్ సహాయకుడు రాజు యువకుడే గాని బాలుడు కాడు. మరోవైపు 1947 జూలైలో మొదలైన ‘చందమామ’ బాలలకు ధారావాహికల రుచిని మప్పింది. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ధారావాహికలు అడవులు, మాంత్రికులు, రాజ్యాల లోకానికి చెందినవి. వాటిలో సాహసం ఉంది, ఉత్కంఠ ఉంది. ఆధారాల నుంచి అనుమానానికి, అనుమానం నుంచి నిర్ధారణకు సాగే తర్కప్రయాణం వాటి ప్రధాన లక్షణం కాదు.

అంతమాత్రాన తెలుగు బాలపాఠకునికి బుద్ధికి పరీక్ష పెట్టే శ్రేణి లేదనడం తప్పు. ‘చందమామ’ బేతాళ కథలు అటువంటి శ్రేణే. ప్రాచీన బేతాళ పంచవింశతి చట్రాన్ని తీసుకుని, ఆ కథలు అయిపోయాక కూడా దశాబ్దాల తరబడి కొత్త కథలతో కొనసాగించిన ఆ శీర్షికలో మొదలు, ముగింపు ప్రతినెలా ఒకటే. శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుని శంకర్ బొమ్మ మూడు తరాలకు పరిచయం. ఎకో చెప్పిన కాలసమస్యకు ఇంతకన్నా సొగసైన పరిష్కారం అరుదు: మౌనభంగం కాగానే శవం చెట్టెక్కుతుంది, శ్రేణి కొనసాగుతుంది. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందన్న శాపం జ్ఞానాన్ని బాధ్యతగా మారుస్తుంది. ప్రశ్నకు, రాజు సమాధానానికి మధ్య ఉన్న చిన్న విరామంలో బాలుడు తన సమాధానాన్ని తాను చెప్పుకుంటాడు. అదే అతని చోటు.

అయితే ఆ చోటు స్వభావం వేరు. బేతాళ కథలో వాస్తవాలన్నీ ముందే చెప్పేస్తారు. మిగిలేది వాటిలో ఎవరి ప్రవర్తన ఉచితం, ఎవరి త్యాగం గొప్పది అన్న నిర్ణయం. పాఠకుడు అక్కడ తీర్పరి. డిటెక్టివ్ కథలో తీర్పు ఎప్పుడూ సందేహాస్పదం కాదు. దొంగతనం తప్పేనని అందరికీ తెలుసు. తెలియనిది ఏమి జరిగిందన్నది. పాఠకుడు అక్కడ సాక్షి, ఆపై శోధకుడు. ఒకటి ధర్మసూక్ష్మాన్ని, మరొకటి వస్తుసూక్ష్మాన్ని నేర్పుతుంది. తెలుగు బాలపాఠకునికి మొదటి శిక్షణ సమృద్ధిగా, సొంత భాషలో, సొంత చట్రంలో దొరికింది. రెండవదానికి అతడు ఇంగ్లీషు శ్రేణులకైనా వెళ్లవలసి వచ్చింది, లేదా వయస్సుకు మించిన పాకెట్ నవలలనైనా చాటుగా చదవవలసి వచ్చింది. తోప్సే వయస్సు కథకుడు తెలుగు ఊళ్లలో, తెలుగు ఇంటి వరుసలతో తిరుగుతూ తరతరాలకు తెలిసిన పేరు కాలేకపోవడం మన బాలసాహిత్య చరిత్రలో చర్చించవలసిన ఖాళీ.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి: పునరుక్తి శ్రేణికి శరీరం మాత్రమే, ఆ శరీరంలో పిల్లల పరిశీలనకు గౌరవం దక్కే చోటు ఉన్నప్పుడే కొత్త తరం దానిలోకి ప్రవేశిస్తుంది. రెండు: పెద్దల గతస్మృతి శ్రేణిని అచ్చులో నిలపగలదు గాని దానికి కొత్త పాఠకులను పుట్టించలేదు, పైగా శ్రేణి హద్దులపై అసహనంతో దానిని తనవైపు లాగుతుంది. మూడు: శిల్పం ఉన్నతమైనంత మాత్రాన చోటు విశాలం కాదు, నాన్సీ డ్రూ, ఫెలూదాల పోలిక దీనికి సాక్ష్యం.

మన విశ్వవిద్యాలయాలలో బాలసాహిత్య పరిశోధన ఇప్పటికీ ఎక్కువగా నీతి, విజ్ఞానం, వినోదం అన్న మూడు గదుల పట్టికను నింపుతోంది. ఆ పట్టికలో ఒక కథ ఏమి బోధిస్తుందో కనిపిస్తుంది గాని, చదివే పిల్లవాణ్ణి, పిల్లను ఎక్కడ కూర్చోబెట్టిందో కనిపించదు. ‘చందమామ’, ‘బాలమిత్ర’, ‘బొమ్మరిల్లు’ ధారావాహికలను ఈ దృష్టితో తిరిగి చదివితే, ఏ కథలో బాలుడు శ్రోత, ఏ కథలో తీర్పరి, ఏ కథలో శోధకుడు, ఏ కథలో బాలికకు అసలు ప్రవేశమే లేదు అన్న విభజన సాధ్యపడుతుంది. ఆ పని జరిగిన తరువాతే తెలుగులో బాలల డిటెక్టివ్ శ్రేణి ఎందుకు వేళ్లూనలేదన్న ప్రశ్నకు ఊహతో కాక ఆధారాలతో సమాధానం చెప్పగలం.